డిగ్రీ తరగతులలో భావవినిమయ శాస్త్రము – అబిడ్సు, నాంపల్లి ప్రాంతముల సాక్ష్యము

'కమ్యూనికేషన్' అను పేర వ్యవహరింపబడు శాస్త్రము నేడు మన డిగ్రీ కళాశాలలలో బి.ఏ. పట్టమునకు చదువదగిన ఐచ్ఛిక విషయములలో ఒకటిగా ప్రవేశించి యున్నది. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రము, తెలుగు సాహిత్యము మున్నగువాని సరసన ఇదియు పట్టికలో కానవచ్చుచున్నది. 2016లో తెలంగాణమున 'దోస్త్' అను ఆన్‌లైన్ ప్రవేశ పద్ధతి ఏర్పడిన తరువాత విద్యార్థి ఇంట కూర్చుండియే ఆ పట్టికను చూచి తనకు నచ్చిన విషయములను ఎన్నుకొనుచున్నాడు. అయినను ఈ విషయముయొక్క స్వరూప మెట్టిది, మూడేండ్లు చదువవలసినంత సామగ్రి దీనియందు కలదా, తెలుగు శాఖలకు దీనితో గల సంబంధమేమి అను ప్రశ్నలయెడ మన అధ్యాపకులలో ఏకాభిప్రాయము లేదు. కొందరు దీనిని పత్రికా కార్యాలయమున ఆరు మాసములలో పట్టువడు పనితనముగా తలంతురు. మరికొందరు తెలుగు ఐచ్ఛికమునకు రావలసిన విద్యార్థులను లాగికొనిపోవు పోటీ విషయముగా చూతురు.

ఈ రెండభిప్రాయములును పరిశీలనకు నిలువవని నా నమ్మకము. సందేశమును పంపు నేర్పు ఈ శాస్త్రమున ఒక భాగము మాత్రమే. పంపిన మాట చేరినదా, చేరినచో దానికి బదులు వచ్చినదా, రానిచో ఏల రాలేదు అను విచారణయే దీనికి ప్రాణము. ఆ విచారణ భాషను విడిచి ఒక అడుగైనను సాగదు. ఈ మాటకు కావలసిన సాక్ష్యమును దూరదేశముల నుండి తేనక్కరలేదు. హైదరాబాదు నగరమున అబిడ్సు తపాలా కార్యాలయము మొదలుకొని నాంపల్లి రైలు స్టేషను, పబ్లిక్ గార్డెన్సు వరకు గల ప్రదేశమును, దాని పరిసరములను పరిశీలించిన చాలును.

1. ఈ ప్రదేశము

అబిడ్సు అను పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్ట్ అబిద్ అను ఆర్మీనియనుని దుకాణమును బట్టి వచ్చినది. దుకాణము పోయినను పేరు నిలిచినది. నగరమునకు ప్రధాన తపాలా కార్యాలయము అచ్చటనే యున్నది. నాంపల్లి రైలు స్టేషను 1907లో ఏర్పడెను. ఈ రెంటి నడుమ స్టేషను రోడ్డుపై సరోజినీ నాయుడు గారి ఇల్లు 'గోల్డెన్ థ్రెషోల్డ్' కలదు. 1905లో వెలువడిన ఆమె కవితాసంపుటి పేరే ఆ యింటికిని వచ్చినది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలినాళ్ళలో ఈ యింటనే నడచినది. 1949లో ఆరంభమైన 'సియాసత్' ఉర్దూ దినపత్రిక అబిడ్సుననే కలదు. 1943లో స్థాపితమైన ఆంధ్ర సారస్వత పరిషత్తు, నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, చేరువనే బొగ్గులకుంట యందున్నది. 1901లో ఆరంభమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తాను బజారులో, కొద్ది దూరముననే కలదు. ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటలపై పాత పుస్తకములు పరచి యమ్ముదురు.

ఉత్తరము, వార్త, ఉపన్యాసము, రేడియో, గ్రంథాలయము, విశ్వవిద్యాలయము – ఇన్ని మార్గములు ఇంత దగ్గరగా నొకచోట చేరిన ప్రదేశములు తెలుగునాట మిక్కిలి అరుదు. ఈ శాస్త్రము చదువు విద్యార్థి ఈ వీథులలోనే బస్సు దిగుచున్నాడు. కాని అతని పాఠ్యప్రణాళికలో ఈ వీథుల ప్రసక్తి చాలవరకు ఉండుట లేదు.

2. పేరును గూర్చిన విచారము

ఈ శాస్త్రమునకు తెలుగున స్థిరపడిన పేరు లేదు. భావప్రసారము, సమాచార ప్రసారము, భావవినిమయము, సమాచార శాస్త్రము అని పలువురు పలు విధములుగా వాడుచున్నారు. కొందరు 'కమ్యూనికేషన్' అనియే వ్రాయుచున్నారు. ఇది పేరును గూర్చిన పట్టుదల మాత్రమే యని త్రోసివేయరాదు. పేరులోనే శాస్త్రస్వరూపమును గూర్చిన భావన దాగియున్నది.

ఇంగ్లీషు పదమునకు మూలమైన లాటిను ధాతువునకు ఉమ్మడి చేయుట, పంచుకొనుట అని అర్థము. ఉర్దూలో 'ఇబ్లాగ్' అనగా చేరవేయుట, 'తర్సీల్' అనగా పంపుట. హిందీలో 'సంచార్' అను పదమున కదలికయే ప్రధానము. మన 'ప్రసారము' వ్యాప్తిని తెలుపును. ఒకచోట నుండి నలుదిక్కులకు పరచుకొనుట దానియందలి చిత్రము. ఈ పదములలో పెక్కింటియందు పంపువాడు కనబడుచున్నాడు. పుచ్చుకొనువాడు కనబడుట లేదు.

ఇక మన వాడుక పలుకులను చూడుడు. లేఖకు తెలుగువారు పెట్టుకొన్న పేరు 'ఉత్తరము'. సంస్కృతమున దాని యర్థము బదులు. మరియొక పేరు 'జాబు'. అది 'జవాబు' అను అన్యదేశ్యముయొక్క రూపాంతరమే. దానికిని బదులనియే అర్థము. మొదట వ్రాసిన లేఖను సైతము మన జాతి బదులు అనియే పిలిచినది. ప్రతి లేఖయు ఏదో యొక మాటకు సమాధానమే యనియు, తిరిగి సమాధానమును కోరునదే యనియు ఈ రెండు పదములు నిశ్శబ్దముగా చెప్పుచున్నవి. అందువలన 'భావవినిమయము' అను పదమును ఈ వ్యాసమున వాడుచున్నాను. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును ఇందు గలవు.

'వార్త' అను పదముయొక్క చరిత్రయు గమనింపదగినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున చెప్పబడిన నాలుగు విద్యలలో ఆన్వీక్షికి, త్రయి, దండనీతులతో పాటు వార్త యొకటి. అచ్చట దానికి కృషి, పశుపాలనము, వాణిజ్యము అని అర్థము. జీవనోపాధిని తెలుపు పదమే కాలక్రమమున సమాచారమును తెలుపు పదముగా మారినది. ఈ పరిణామమును విద్యార్థికి వివరింపగలవాడు తెలుగు అధ్యాపకుడే గాని వేరొకడు కాడు.

3. శాస్త్రముగా ఏర్పడిన క్రమము

పత్రికారచనను విశ్వవిద్యాలయమున నేర్పు ప్రయత్నము అమెరికాలో 1908లో మిస్సౌరీ యందు ప్రత్యేక కళాశాలగా రూపొందెను. 1912లో కొలంబియా విశ్వవిద్యాలయమున పులిట్జరు ఇచ్చిన ధనముతో మరియొక కళాశాల ఆరంభమయ్యెను. ఇవి వృత్తివిద్యకు సంబంధించినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రచారముయొక్క బలమును ప్రభుత్వములు గుర్తించిన పిదప, సందేశము మనుజులపై పనిచేయు విధమును పరిశోధించుట మొదలాయెను. విల్బర్ ష్రామ్ మున్నగువారు దీనిని విశ్వవిద్యాలయ శాఖగా నిలిపిరి. నాటినుండి 'పత్రికారచన' అను పాత పేరు ప్రక్కన 'కమ్యూనికేషన్' అను క్రొత్త పేరు చేరెను.

భారతదేశమున 1941లో లాహోరు నందలి పంజాబు విశ్వవిద్యాలయము ఈ విద్యకు దారితీసెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1954లో పత్రికారచనా శాఖను తెరచెను. అమెరికా నుండి వచ్చిన ఆచార్య డి ఫారెస్ట్ ఓడెల్ దాని స్థాపనకు తోడ్పడిరి. అనంతరము దాని పేరును కమ్యూనికేషన్, జర్నలిజము శాఖగా మారెను. 1985 డిసెంబరు 2వ తేదీన స్థాపితమై నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు యందు నడచిన తెలుగు విశ్వవిద్యాలయము ఈ విద్యను తెలుగున బోధించుటకు పూనుకొనెను. 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయము సరోజినీ నాయుడు పేర రంగస్థల, లలితకళా, కమ్యూనికేషన్ విద్యలకు ఒక విభాగము నేర్పరచెను. తొలిదశలో దానికి గోల్డెన్ థ్రెషోల్డ్ ఆశ్రయమిచ్చినది. పిదప అది గచ్చిబౌలి ప్రాంగణమునకు తరలెను. 2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టుటకు ఆమోదము తెలిపెను. ఒక పత్రికాసంపాదకుని పేరు భాషా విశ్వవిద్యాలయమునకు కలుగుట ఈ వ్యాసవిషయమునకు చక్కని ఉపోద్బలకము.

ఈ విద్య చిరకాలము పట్టభద్రులకు మాత్రమే లభించెడిది. ఏదేని యొక విషయమున బి.ఏ. ముగించినవాడు ఆపైన దీనిని చదివెడివాడు. మూడేండ్ల డిగ్రీ తరగతులకు ఇది ఐచ్ఛికముగా వచ్చుట తరువాతి పరిణామము. ఈ మార్పు చిన్నది కాదు. పూర్వపు విద్యార్థి చరిత్రనో సాహిత్యమునో చదివి వచ్చెడివాడు. అతనికి చెప్పుటకు విషయముండెడిది, చెప్పు విధము నేర్చుకొనెడివాడు. నేటి విద్యార్థి పదునెనిమిదేండ్ల ప్రాయమున నేరుగా ఇందు ప్రవేశించుచున్నాడు. చెప్పు విధము ఒక్కటియే నేర్పి పంపినచో అతడు రిక్తహస్తుడై పోవును. కనుక డిగ్రీ స్థాయిలో ఈ శాస్త్రమును వృత్తివిద్యగా కుదించుట విద్యార్థికి అన్యాయము. వార్తాసేకరణము, సంపాదకత్వము, ప్రకటనలు, రేడియో, టెలివిజను, అంతర్జాల మాధ్యమములు, పత్రికా శాసనములు – ఇవి యన్నియు నేర్పవలసినవే. 1867 నాటి ముద్రణాలయముల చట్టము స్థానమున 2023లో క్రొత్త చట్టము వచ్చి, 2024 మార్చి 1 నుండి అమలగుచున్నదని విద్యార్థి ఎరుగవలసినదే. కాని వీని క్రింద నొక పునాది యుండవలెను.

4. పంచప్రశ్నలును, సహృదయుడును

ఆ పునాదిగా డిగ్రీ విద్యార్థికి మొదట చెప్పబడునది హెరాల్డ్ లాస్‌వెల్ 1948లో ప్రతిపాదించిన పంచప్రశ్నలు. చెప్పినవాడెవడు, చెప్పినదేమి, ఏ మార్గమున, ఎవనికి, ఏమి ఫలితము అనునవి వాని సారము. అదే సంవత్సరమున క్లాడ్ షానన్ అను గణితజ్ఞుడు తంతి, టెలిఫోను మార్గములలో సంకేతము చెడకుండ చేరుటకు గల పరిమితులను లెక్కకట్టెను. ఆయనకు కావలసినది సంకేతము. అర్థముతో తనకు పని లేదని ఆయన స్పష్టపరచెను. తరువాతివారు ఆ పటమును మనుజుల సంభాషణకు అన్వయించినపుడు ఈ హెచ్చరికను మరచిరి. అదే 1948లో నార్బర్ట్ వీనర్ తన గ్రంథమున, ఫలితము తిరిగివచ్చి కర్త ప్రవర్తనను సరిదిద్దు విధమును వివరించెను. దీనిని 'ఫీడ్‌బ్యాక్' అందురు. మనము ప్రతిస్పందన మనవచ్చును. పంపుటతో ముగిసిన గీత ఈ ప్రతిస్పందనముతో వలయముగా మారినది.

ఈ వలయము మన అలంకారశాస్త్ర పాఠకునకు క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దియందు ఆనందవర్ధనుడు వ్యంగ్యార్థమును కావ్యాత్మగా స్థాపించినపుడు, ఆ యర్థము వాచ్యార్థము నెరిగినంత మాత్రమున గాక, సహృదయునకే గోచరించునని చెప్పెను. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము అనగా ఒక్కని యనుభవము అందరికిని ఉమ్మడి యగుట. లాటిను ధాతువునకు గల అర్థమును ఈ పదమును ప్రక్కప్రక్కన నుంచి చూచిన సామ్యము తెలియును. భారత, నేపాల దేశముల పండితులు కొందరు ఈ సాధారణీకరణము నాధారముగ గొని భావవినిమయమునకు ఒక సిద్ధాంతమును నిర్మింపజూచిరి.

ఇచ్చట జాగ్రత్త యవసరము. మన పూర్వులకు సర్వమును తెలియునని చెప్పుట శాస్త్రము కాదు. ఆలంకారికులు విచారించినది కావ్యమును, నాటకమును. వారి సహృదయుడు శిక్షణ పొందిన రసికుడు. పత్రికా పాఠకుడో, రైలు స్టేషనులో ప్రకటన వినుచున్న ప్రయాణికుడో అట్టివాడు కాడు. అందరును సహృదయులు కానిచోట అర్థ మెట్లు ఉమ్మడి యగును అనునది ఆధునిక ప్రశ్న. దానికి ప్రాచీనులు సాధనముల నిచ్చిరి, సమాధానము మనము వెదకుకొనవలెను. అభిధా లక్షణా వ్యంజనములను తెలిసిన తెలుగు విద్యార్థి ఒక రాజకీయ నినాదమును విశ్లేషించుటకు ఇతరులకంటె ఎక్కువ సిద్ధముగా నున్నాడు. ఆ సంగతి అతనికి ఎవరును చెప్పుట లేదు.

5. మూడు సాక్ష్యములు

పైన చెప్పిన పంచప్రశ్నలను, ప్రతిస్పందనమును ఈ ప్రాంతపు చరిత్రకు అన్వయించి చూతము.

మొదటిది 1921 నాటి సభ. హైదరాబాదు నందలి వివేకవర్ధని పాఠశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగెను. కార్వే పండితుడు అధ్యక్షుడు. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది తెలుగున మాటలాడ లేచినపుడు సభలో గేలి బయలుదేరెను. ఆయన మాట సాగలేదు. లాస్‌వెల్ లెక్క ప్రకారము ఇది విఫలమైన సందేశము. వక్త కలడు, విషయము కలదు, సభ కలదు, ఫలితము శూన్యము. కాని ఆ అవమానముతో కలతచెందిన తెలుగువారు 1921 నవంబరు 12న ఆంధ్ర జనసంఘము నేర్పరచుకొనిరి. మాడపాటి హనుమంతరావు గారు దాని కార్యదర్శులై పనిచేసి, ఆ యుద్యమ చరిత్రను గ్రంథస్థము చేసిరి. దానినుండి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ పుట్టినది. ఆ సభలో వెంకటరామారావు గారు చెప్పదలచిన విషయముకంటె, వారు చెప్పబూనిన భాషయే గొప్ప సందేశ మాయెను. మాధ్యమముగా భాషను ఎన్నుకొనుట యందే అర్థమున్నదని డిగ్రీ విద్యార్థికి బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

రెండవది గోలకొండ పత్రిక. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో దీనిని వారమునకు రెండు మారులు వెలువడునట్లు ఆరంభించిరి. ఆ రాజ్యమున సభలు జరుపుకొనుటకు సైతము గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రకారము ముందుగా అనుమతి కోరవలసియుండెను. అట్టి నిర్బంధములలో పత్రికయే సభాస్థలి యాయెను. తెలంగాణమున కవులు పూజ్యమని యొకరు వ్రాసిరి. దానికి కోపముతో వాదించుట సులభమే. ప్రతాపరెడ్డి గారు వాదింపక, కవులను తమ పద్యములు పంపుడని కోరిరి. ఊళ్ళనుండి పద్యములు వచ్చిపడెను. 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడెను.

దీనిని సాహిత్యచరిత్రలో మనము బోధించుచున్నాము. భావవినిమయ శాస్త్రదృష్టితో మరల చూడవలెను. పత్రిక పిలిచినది, పాఠకుడు రచయితయై బదులిచ్చినాడు. ఆ బదులు తపాలా మార్గమున వచ్చినది. నిజాము రాజ్యమునకు 1950 వరకు స్వంత తపాలా వ్యవస్థ యుండెను. దాని కొన్ని బిళ్ళలపై తెలుగు లిపియు కానవచ్చును. పాఠకులను లెక్కించు సంస్థలు లేని కాలమున తన పాఠకు లెవరో, ఎచ్చట నున్నారో, ఏమి చేయగలరో సంపాదకుడు ఈ యొక్క పిలుపుతో తెలిసికొనెను. సంచికయందలి కవుల ఊళ్ళపేర్లను పటముపై గుర్తించినచో నాటి తెలుగు పత్రికాపాఠకుల వ్యాప్తి కొంత తెలియును. పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని యిది.

బదు లెల్లప్పుడును పద్యరూపమున రాదు. హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలియవలెనని వ్రాసిన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టులో ఇదే నగరమున హత్య గావింపబడెను. వ్రాతకు ఆయుధముతో బదులు వచ్చిన సందర్భమిది. ప్రతిస్పందనమును పటములో బాణపుగుర్తుగా గీసి ముగించు అధ్యాపకుడు ఈ సంగతిని కూడ చెప్పవలెను. లేనిచో విద్యార్థి ఈ వృత్తియందలి బాధ్యత నెరుగడు.

మూడవది రేడియో. 1930 ప్రాంతములలో అబిడ్సు నందలి చిరాగ్ అలీ గల్లీలో ఒక చిన్న రేడియో కేంద్రము వ్యక్తిగత ప్రయత్నముగా మొదలాయెను. 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరింపగా దక్కను రేడియో ఏర్పడెను. ఉర్దూ ప్రధానమైనను తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకును అందు కొంత చోటు దొరకెను. 1950లో అది ఆకాశవాణిలో విలీనమాయెను. రేడియో ఒకవైపు మార్గము. వినువాడు పెట్టెకు బదులు చెప్పలేడు. ఈ లోపమును శ్రోతల ఉత్తరములు కొంత పూరించినవి. ఇచ్చటను పంచప్రశ్నలలో కడపటిదానికి సమాధానము తపాలాసంచి మోసికొనివచ్చినది.

ఈ చరిత్రకు అనుబంధముగా మరియొక సంగతి చెప్పవలెను. ఆకాశ తరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున తెలుగువారైన న్యాయమూర్తి జీవన్‌రెడ్డి గారుండిరి. 2008లో జహీరాబాదు ప్రాంతపు మాచునూరులో దళిత స్త్రీలు నడుపు సంఘం రేడియో ప్రసారములు ఆరంభించెను. విత్తనములు, పంటలు, పాటలు వారి పలుకుబడిలోనే వినబడినవి. వినువారును చెప్పువారును ఒక్క ఊరివారే. దక్కను రేడియో నుండి సంఘం రేడియో వరకు గల మార్గమును, శ్రోత వక్తగా మారిన చరిత్రగా డిగ్రీ విద్యార్థి చదువవచ్చును.

6. బోధనాభాష ప్రశ్న

ఇక అసలు చిక్కునకు వత్తము. ఈ విషయమునకు మంచి పాఠ్యగ్రంథములు హెచ్చుగా ఇంగ్లీషున నున్నవి. ఉదాహరణములు న్యూయార్కు, లండను పత్రికలవి. పల్లెలనుండి తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థి నిర్వచనములను కంఠస్థము చేసి పరీక్ష గట్టెక్కును. రేపు అతడు వ్రాయబోవునది తెలుగు వార్త, అతని పాఠకుడు తెలుగువాడు. మూడేండ్లు చదివినది ఒక భాషలో, జీవితకాలము చేయు పని మరియొక భాషలో. ఇంగ్లీషు బాగుగ వచ్చిన విద్యార్థి తెలుగు వార్తను తర్జుమాగా వ్రాయును. రాని విద్యార్థి శాస్త్రమునకే దూరమగును. నష్టము ఇద్దరికిని కలదు. అంతకు మించిన నష్టము వారి వ్రాతను చదువు పాఠకునకు.

పరిభాష లేదను ఆక్షేపణ పాతది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలి తరగతులు అబిడ్సునకు చేరువనే, గన్‌ఫౌండ్రీ యొద్ద ఆగా మంజిల్ అను భవనమున ఆరంభమైనవి. బోధనాభాష ఉర్దూ. అందుకొరకు ముందుగనే ఒక అనువాద సంస్థ నేర్పరచి, విజ్ఞానశాస్త్రములకు పదములు కల్పించి, గ్రంథములు వ్రాయించిరి. భారతీయ భాషయందు ఉన్నతవిద్య సాధ్యమని దేశమునకు చూపినది ఈ నగరమే. ఆ ఏర్పాటులో ప్రజలలో అధికసంఖ్యాకుల భాషయైన తెలుగునకు చోటు లేకపోవుట ఆ గొప్పతనమునకు అంటిన కొరత. రెండు పాఠములును మనకు కావలెను. నేడును ఈ నగరముననే, 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము పత్రికారచనను ఉర్దూలో బోధించుచున్నది. ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథములు సమకూర్చుటకై 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. కావున సాధనములు లేవనుట చెల్లదు.

పదములు శాసనముచే పుట్టవు. పత్రికలు, విద్యార్థులు, శ్రోతలు వాడి నిలుపుకొన్నవే నిలుచును. 'తంతి' పోయినను 'తపాలా' నిలిచినది. 'ఫోను', 'రేడియో' తెలుగు మాటలే యైనవి. అన్నిటికిని సంస్కృత సమాసములు కూర్చ నక్కరలేదు. భాషాశాస్త్రవేత్తయైన బూదరాజు రాధాకృష్ణ గారు ఒక పత్రికా సంస్థకు చెందిన పాఠశాలలో విలేకరులకు శిక్షణ ఇచ్చి, పత్రికాభాషను గూర్చి వ్రాసిరి. భాషావేత్త పత్రికారచనను నేర్పుట ఎంత సహజమో ఆయన కృషి తెలుపుచున్నది.

తెలుగు శాఖ ఏమి చేయగలదో ఒక చిన్న యుదాహరణముతో చెప్పెదను. ప్రభుత్వ ప్రకటనలలో 'ప్రజలను కోరడమైనది', 'చర్యలు తీసుకోబడును' అను వాక్యములు మనకు పరిచితములు. తెలుగున కర్మణి ప్రయోగము వాడుక భాషకు సహజము కాదని మనము వ్యాకరణపాఠమున చెప్పుదుము. అచ్చట ఆగిపోదుము. ఆ పాఠమును లాస్‌వెల్ మొదటి ప్రశ్న ప్రక్కన నుంచి చూడుడు. కోరినవా డెవడు? చర్య తీసికొనువా డెవడు? కర్త వాక్యమునుండి తప్పుకొన్నాడు. కర్త లేనిచోట పాఠకుడు ఎవరికి బదులు చెప్పవలెను, ఎవరిని అడుగవలెను? ఒక వ్యాకరణాంశము పౌరుని ప్రశ్నించు హక్కుతో ముడివడియున్నదని ఆ క్షణమున విద్యార్థికి తెలియును. ఈ పాఠము చెప్పుటకు వ్యాకరణమును, భావవినిమయ శాస్త్రమును రెండును కావలెను.

7. చేయదగిన పనులు

పై విచారణనుండి కొన్ని సూచనలు వెలువడుచున్నవి. ఒకే దినమున ఒకే వార్తను తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పత్రికలు వ్రాసిన తీరును డిగ్రీ విద్యార్థులచే పోల్పింపవలెను. అబిడ్సు కూడలిలో మూడు భాషల పత్రికలును దొరకును. భాషతో పాటు కర్త, క్రమము, శీర్షిక ఎట్లు మారునో వారే కనుగొందురు. నాంపల్లి స్టేషనులో వినబడు ప్రకటనలను వ్రాసికొని, వానిలో ప్రయాణికునకు అర్థమగున వేవి, కానివేవి అని ప్రయాణికులనే అడిగి తెలిసికొనవలెను. కార్యాలయ ప్రకటనలను కర్త కనబడునట్లు తిరిగి వ్రాయింపవలెను. భాషానిలయము వంటి గ్రంథాలయములకు వారిని కొనిపోయి పాత పత్రికల సంచికలు చూపవలెను. వీనిలో దేనికిని యంత్రపరికరములు, నిధులు అక్కరలేదు.

పరిశోధక విద్యార్థులకు పని యింకను హెచ్చు. గోలకొండ పత్రికలోని పాఠకుల లేఖలు, సారస్వత పరిషత్తు పరీక్షలు మారుమూల గ్రామములకు తెలుగు చదువును చేర్చిన విధము, దక్కను రేడియో తెలుగు ప్రసారముల భాష, పత్రికలు కల్పించిన పదములలో నిలిచినవి, నశించినవి – ఇవి యన్నియు తెలుగు శాఖలో సమర్పింపదగిన సిద్ధాంతవ్యాస విషయములే. వీనిని మనము చేపట్టనిచో చేపట్టువారు వేరొకరుండరు. మూలగ్రంథములను చదువగల భాషాజ్ఞానము మన విద్యార్థులకే కలదు.

ఈ పట్టము చదివినవారికి ఉద్యోగములు దొరకునా యని తండ్రులు అడుగుదురు. అడుగదగినదే. వృత్తినైపుణ్యము మాత్రమే నేర్చినవాని విద్య ఆ యంత్రము మారిననాడు పాతబడును. అచ్చుకూర్పు, తంతి, టేపురికార్డు ఇట్లే పోయినవి. నేడు వాక్యములు కూర్చు కృత్రిమ మేధాయంత్రములు సైతము వచ్చినవి. పంపు పనిలో ఎక్కువ భాగము ఇకపై యంత్రమే చేయవచ్చును. వినువాని ఎరుక, అతని పలుకుబడి, అతని సందేహము, అతని మౌనమునకు గల కారణము – వీనిని తెలిసినవానికి పని తరుగదు.

కావున డిగ్రీ తరగతులలో ఈ విషయమును పోటీగా చూచుట మాని, తెలుగు అధ్యాపకులు దాని పాఠ్యప్రణాళికా సంఘములలో చోటు కోరవలెను. పత్రికారచనా శాఖలును వారిని ఆహ్వానింపవలెను. 1921లో ఒక తెలుగు వక్త మాట వినుటకు నిరాకరించిన నగరమిది. 1934లో 354 మంది కవుల బదులును అందుకొన్న నగరమును ఇదియే. ఈ రెండు సంవత్సరముల నడుమ జరిగినదేమో తెలుగున చదివి, తెలుగున వివరింపగల పట్టభద్రుని తయారుచేయుట ఈ విద్యకు తగిన లక్ష్యము.